పసుపు పూసిన పోర్టికో

లాకులపేట (వయా కొత్తపేట)
19 జనవరి 1955

చిరంజీవి నారాయణకి అక్క దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం అని ముందు రాయాలి కాబట్టి రాశాను. క్షేమం కాని సంగతులు ఇక మొదలుపెడతాను.

మా ఆడపిల్లల బడి ఇప్పుడు ఎక్కడ నడుస్తోందో తెలుసా? పంచాయతీ ప్రెసిడెంటు భీమరాజు గారి పశువుల సావిట్లో. నలభై ఒక్క మంది పిల్లలూ, ఏడు గేదెలూ, నేనూ. నేను భూమి గుండ్రంగా ఉంటుందని చెప్తే ముందు తలూపేవి గేదెలే. మొన్న ఇన్‌స్పెక్ట్రెస్ గారు వచ్చేరు. హాజరు పిలుస్తూంటే వీరాయమ్మ పేరుకి గేదె పలికింది. ఆవిడ నవ్వలేదు. జూన్ నెలాఖరులోగా గాలీ వెలుతురూ ఉన్న భవనం చూపించకపోతే బడికి గుర్తింపు తీసేస్తామని రాసి, సంతకం పెట్టి వెళ్ళిపోయేరు. బడి ఎత్తేస్తే ఈ పిల్లల్ని అమలాపురం పంపి చదివిస్తారనుకున్నావేమో. పొయ్యి దగ్గరికి పంపుతారు. నాకు నిద్ర పట్టడం లేదురా.

కాలవగట్టు మీద పాత కొబ్బరి కొట్టు గుర్తుందా? వేసవి సెలవుల్లో నా దగ్గరికి వచ్చినప్పుడు నువ్వు ఎండు కురిడీకాయలు దొంగిలించి దెబ్బలు తిన్న కొట్టు. వ్యాపారం మలికిపురం తరలిపోయాక అది పంచాయతీకి వచ్చింది. ఖాళీగా పడి ఉంది. దాని ముందు భీమరాజు గారి నాన్నగారు పదిహేనేళ్ళ కిందట ఒక సిమెంటు పోర్టికో కట్టించి, తన పేరు జానెడేసి అక్షరాలతో చెక్కించుకున్నారు. పోర్టికో కింద ఏ కారు ఆగుతుందని అడక్కు. ఊళ్ళో కారు లేదు. ఇప్పుడు ఆ కొట్టు పడగొట్టి అక్కడ బడి కట్టాలని కమిటీ తీర్మానం. "మన నారాయణ బాబు బొంబాయిలో ఇళ్ళు గీసే చదువు చదివేరు కదండీ, ఆయన చేత ప్లాను తెప్పించండి పంతులమ్మగారూ" అన్నారు ప్రెసిడెంటు గారు.

నాకు కావలసినవి మూడే. గాలి, వెలుతురు, కారని కప్పు. బొంబాయి చదువులో వీటి ప్రస్తావన వచ్చే ఉంటుంది.

మీ బావగారు పోస్టాఫీసులో ముద్రలు కొడుతూనే ఉన్నారు. నీ ఉత్తరం రాగానే చేత్తో తూచి, లోపల ఎన్ని గొప్పలున్నాయో చెప్పేస్తారు.

నీ అక్క
వీరవేణి


మద్రాసు
2 ఫిబ్రవరి 1955

అక్కయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం ఆఫీసులో చదివి వినిపించాను. గేదె హాజరు దగ్గర మా పెద్ద ఆర్కిటెక్టు గారు కాఫీ ఒలకబోసుకున్నారు.

ఇక అసలు సంగతి. మంచి డిజైను అంటే ఏమిటో మన ఊళ్ళకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆ బాధ్యత నా మీద పడింది, తప్పించుకోను. జతచేసిన బొమ్మ చూడు. బడి ఓడ ఆకారంలో ఉంటుంది. ముందు కొస కోటేరులా వంపు తిరుగుతుంది, పక్కన వరసగా గుండ్రటి కిటికీలు, పైన చదునైన కాంక్రీటు డాబా, దాని మీద తెరచాప కొయ్యలాంటి జెండా స్తంభం. విజ్ఞాన సముద్రంలో మన ఆడపిల్లల ప్రయాణం అన్న భావం. ఇలాంటి భవనం జిల్లాలో ఇంకొకటి ఉండదని హామీ ఇస్తున్నాను.

కొబ్బరి కొట్టుని దయాదాక్షిణ్యం లేకుండా పడగొట్టించండి. పాత గోడలు పట్టుకుని వేలాడే జాతి ముందుకి పోదు. బావగారికి నా నమస్కారాలు. ఈ కవరు బరువుగా ఉంటుంది. గొప్పలు కావు, డ్రాయింగులు.

నీ తమ్ముడు
ఆదినారాయణ


లాకులపేట
14 ఫిబ్రవరి 1955

చిరంజీవి నారాయణకి దీవెనలు.

నీ ఓడ రేవు చేరింది.

భీమరాజు గారు మురిసిపోయేరు. "అచ్చం పట్నంలో సినిమా హాలులా ఉందండీ" అని, ఆ తెరచాప కొయ్య పక్కన వాళ్ళ నాన్నగారి విగ్రహం నిలబెడతామన్నారు. తర్వాత ఇశ్రాయేలు మేస్త్రీని పిలిపించేరు. ఆ కొట్టు కట్టింది ఆయన తాతగారే. ఆయన్ని అరుగు కిందే నిలబెట్టి చూపించేరు, కూచోమనలేదు. ఆయన బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆయ్, శానా బావుందండీ. పైన పడ్డ వాన్నీళ్ళు ఎటు పోతాయండీ?" అన్నారు. ఓడ కదా, నీళ్ళలోనే ఉంటుందని నేనన్నాను. ఆ గుండ్రటి కిటికీలు ఒక్కోటీ నా అట్లపెనమంత ఉన్నాయి. నలభై ఒక్క మంది వాటిలోంచి వంతులేసుకుని గాలి పీల్చాలా?

ఇది విను. పోయిన మంగళవారం గేదె ఈనింది, సావిట్లో చోటు లేదు. కొట్టు తాళం తీయించి పిల్లల్ని అందులో కూచోబెట్టేను. మిట్టమధ్యాహ్నం. కొంప కుంపటిలా ఉంటుందనుకున్నానా, లోపల నూతిగట్టు మీద ఉన్నంత చల్లగా ఉంది! ఇద్దరు పిల్లలు హాయిగా నిద్రపోయేరు, నేను లేపలేదు. సాయంత్రం ఇశ్రాయేలు మేస్త్రీని అడిగితే చెప్పేరు. "కురిడీకి చెమ్మ తగిల్తే బూజు పడుద్దండీ. అందుకని మా తాత అరుగు నడుమెత్తు లేపేడండీ. గాలి కింద కన్నాల్లోంచి వచ్చి చూరు కింద జాలీల్లోంచి పోద్దండీ. కొబ్బరికాయకి అంత మర్యాద చేసేం. పిల్లలకి చెయ్యలేమాండీ?"

నాలుగు కిటికీలు పెట్టి, మధ్యలో ఒక అడ్డగోడ కడితే ఆ కొట్టే బడి. ఒకటే లోపం, దక్షిణపు గాలికి ఆ పోర్టికో అడ్డం. నువ్వు ఒకసారి వచ్చి చూడు. పిల్లని చూడకుండా ముహూర్తం పెట్టెయ్యకు.

నీ అక్క


మద్రాసు
20 ఫిబ్రవరి 1955

అక్కయ్యకు నమస్కారాలు.

అయిదేళ్ళ చదువునీ అట్లపెనాన్నీ ఒక్క వాక్యంలో కలిపావు. చిన్నప్పటి నుంచీ నీకు ఇది అలవాటే. కొబ్బరికాయలు దాచే కొట్టు బడికి ఎలా పనికొస్తుందో నాకు అర్థం కాలేదు. రేపు గేదెల సావిడి కూడా బాగుందంటావు.

మార్చి మొదటి వారంలో రెండు రోజులు వస్తున్నాను. ఆ కొట్టు ఎందుకు పనికిరాదో కొలతలతో సహా నిరూపించి పోతాను.

నీ తమ్ముడు


మద్రాసు
15 మార్చి 1955

అక్కయ్యకు నమస్కారాలు.

క్షేమంగా చేరాను. రైల్లో కూర్చున్నంతసేపూ ఆ కొట్టే కళ్ళ ముందు ఉంది. నాకొక సిద్ధాంతం తట్టింది. మంచి డిజైను అంటే కొత్తది గీయడం కాదు, ఉన్నదాన్ని ముందు చదవడం. ఒక భవనం ఒక పనికి చక్కగా కుదిరిందంటే, ఆ కుదిరిన కారణాలే ఇంకో పనికీ అక్కరకొస్తాయి. కురిడీకి కావలసిన గాలే పిల్లలకీ కావాలి. ఈ మాట ఇంతవరకూ ఎవరూ అన్నట్టు లేదు. దీని మీద ఒక వ్యాసం రాస్తున్నాను.

ప్లాను తయారుచేసి ప్రెసిడెంటు గారికే రిజిస్టరు పోస్టులో పంపాను. నీకు పంపితే నువ్వు దిద్దుతావు. మాటలు ఏమీ రాయలేదు. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో, ఏది కొత్తగా కట్టాలో మూడు రంగుల్లో పెట్టాను. మంచి ప్లానుకి వివరణ అక్కర్లేదు, చూడగానే పసిపిల్లకైనా తెలియాలి.

అన్నట్టు భీమరాజు గారింట్లో ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఇంకా నాలిక మీదే ఉంది. నువ్వు ఆ వేళ గుమ్మంలోంచి కోపంగా చూశావు గానీ, ఆయన పోర్టికో ఎలా ఉందని అడిగితే ఏం చెప్పను? విస్తట్లో కూర పెట్టుకుని నిజం చెప్పడం మర్యాద కాదు. అందుకే దర్జాగా ఉందన్నాను.

నీ తమ్ముడు


లాకులపేట
25 మార్చి 1955

నారాయణా,

ఈసారికి దీవెనలు లేవు.

నీ ప్లాను సోమవారం పంచాయతీ అరుగు మీద పరిచేరు. ఊరంతా చూసింది. పోర్టికో నిండా పసుపు పూశావు. కొట్టు నాలుగు గోడలకీ నలుపు పులిమేవు. చూడగానే పసిపిల్లకైనా తెలియాలన్నావు కదా, తెలిసింది. మా రెండో తరగతి పిల్ల కూడా చెప్పింది. శుభలేఖకి నాలుగు మూలలా పసుపు ఉంటుంది, దాన్ని దాచుకుంటాం. చావు కబురుకి నల్ల అంచు ఉంటుంది, దాన్ని గుమ్మం బయటే చదివి చించేస్తాం. పోస్టుమాస్టరు బావమరిదివి, ఇది నీకు ఒకరు చెప్పాలా? భీమరాజు గారు కళ్ళు తుడుచుకున్నారు. "మా నాన్నగారి పోర్టికోకి పసుపు రాసి పంపేరండీ. ఎంత సంస్కారమండీ!" అన్నారు. మధ్యలో ఉన్న ఎర్ర గీతలు కుంకుమ లెక్కనీ, అవి కొత్తగా కట్టేవనీ పురోహితుడు గారు తేల్చేరు.

నాకేమో ఉత్తరంలో సిద్ధాంతం, ఆయనకేమో పోస్టులో పోర్టికో. పనసపొట్టు కూరకి అంత మహిమ ఉందని తెలిస్తే నేనే వండి పెట్టేదాన్ని కదరా! ఇంతవరకూ ఎవరూ అనలేదన్న ఆ గొప్ప మాట నా ఫిబ్రవరి ఉత్తరంలో రెండో పేజీలో ఉంది. తీసి చూసుకో.

బుధవారం గునపం పడింది. తాత కట్టిన గోడని మనవడి చేతే కూల్పిస్తున్నారు. ఇశ్రాయేలు మేస్త్రీ నా మొహం చూడలేదు, నేనూ ఆయన మొహం చూడలేకపోయేను. పడగొట్టిన చోట జూన్‌లోగా ఓడా లేవదు, పడవా లేవదు. బడి పోయినట్టే. నలభై ఒక్క మంది పేర్లూ వేరే కాగితం మీద రాసి పెట్టేను. తీరికగా చదువుకో.

వీరవేణి


మద్రాసు
26 మార్చి 1955

అక్కయ్యకు నమస్కారాలు.

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. సంతోషంతో కలం కదలడం లేదనుకుంటాను.

నిన్న ఇక్కడ ఇంజనీర్ల సభలో మన కొట్టు గురించి గంటసేపు మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. ఒకాయన లేచి, పాత గోడల విలువ పల్లెటూరి వాళ్ళకి అర్థమవుతుందా అని అడిగాడు. నాకన్నా ముందే అర్థం చేసుకున్న మేస్త్రీ ఒకాయన అక్కడ ఉన్నారని చెప్పాను. టైము చాలక ఆయన పేరు చెప్పలేదు. నీ పేరు కూడా చెప్పలేదు, అదే కారణం.

కొట్టు ఫోటో ఒకటి తీయించి పంపు, వ్యాసంలో వేస్తారట. పసుపు వేసిన చోట పని ముందు మొదలుపెట్టమని ఇశ్రాయేలు మేస్త్రీకి చెప్పు. అది త్వరగా అయిపోతే గాలి వస్తుంది.

నీ తమ్ముడు


మద్రాసు
28 మార్చి 1955

అక్కా,

నా టెలిగ్రాం ఈపాటికి అంది ఉంటుంది. ఈ ఉత్తరం దాని వెనకాల పరిగెత్తుకొస్తోంది.

మా వృత్తిలో నలుపు అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచమని. ఎరుపు అంటే కొత్తగా కట్టమని. పసుపు అంటే కూల్చమని! ఆ పోర్టికో పోవాలని పసుపు వేశాను. ఆ గోడలు పదికాలాలు ఉండాలని నా చేత్తో నేనే, ఒక్క చుక్క బయటికి పోకుండా నలుపు దిద్దాను. బొంబాయిలో అయిదేళ్ళూ ఇదే నేర్పారు. శుభలేఖలు ఎలా ఉంటాయో నాకు తెలియక కాదు, టేబులు ముందు కూర్చుంటే గుర్తు రాలేదు. ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన వాణ్ణి, అయినా గుర్తు రాలేదు. సిగ్గుగా ఉంది.

నిన్ను మోసం చేశానని మాత్రం అనుకోకు. పనసపొట్టు మీద ఒట్టు. పిల్లల పేర్లు చదివాను. రెండుసార్లు చదివాను. ఎంతవరకు కూల్చారో వెంటనే రాయి.

నీ తమ్ముడు


లాకులపేట
4 ఏప్రిల్ 1955

చిరంజీవి నారాయణకి దీవెనలు. పోయినసారివి కూడా కలిపి.

నీ టెలిగ్రాం కొత్తపేట నుంచి సైకిలు మీద వచ్చింది. టెలిగ్రాం అనేసరికి మా వీధిలో ఆడవాళ్ళు శోకాలు మొదలుపెట్టేరు. ఎవరు పోయారో తెలియకుండానే పక్కింటి అప్పాయమ్మ గారు నన్ను కావలించుకుని ఏడిచేరు. మీ బావగారు అరుగెక్కి, "ఎవరూ పోలేదండీ, పోర్టికో పోవాలిటండీ" అని అరవాల్సొచ్చింది.

భీమరాజు గారు నమ్మలేదు. "పసుపు పూసినదాన్ని కూల్చమంటారాండీ? ముత్తైదువ మెళ్ళో పుస్తె తెంపమన్నట్టుందండీ" అన్నారు. కమిటీ మూడు గంటలు కూచుని, పసుపూ ఉంచుదాం, నలుపూ ఉంచుదాం, రెండూ ఉంచితే దోషం లేదని తేల్చింది. కూల్చడం ఆగింది.

ఇప్పుడు అసలు సంగతి విను. ఆరు రోజుల్లో నలుగురు మనుషులు ఒక్క తూర్పు గోడే కూల్చేరు. గానుగ సున్నం గోడ, గునపం ఎగిరి పడుతోందని ఇశ్రాయేలు మేస్త్రీ రోజూ సాయంత్రం కమిటీకి చెప్పేవారు. అది కొంత నిజం. మిగతాది నిన్న నాకు ఒక్కదానికే చెప్పేరు. "తమ్ముడుగారు ఆయేళ ఆ గోడ మీద చెయ్యేసి అరగంట నిలబడ్డారండీ. నేను చూసేనండీ. అలాటోరు కూల్చమంటారాండీ? కాయితంలో ఏదో తేడా ఉందనుకున్నానండీ. అడిగితే నా మాట ఎవరింటారండీ? అందుకని నిదానంగా కొట్టేమండీ." ఎవరూ చెప్పకుండానే గోడ తియ్యకముందే కప్పు కింద తాటి దూలాలు ఆసరాగా పోటు పెట్టేరు. ఒక్క పెంకు జారలేదు.

చూశావా, అక్కనై ఉండి నేను నీ కాగితాన్ని నమ్మేను. ఆయన నీ చేతిని నమ్మేరు. పనసపొట్టు మాట వెనక్కి తీసుకుంటున్నాను, సగం.

మూడు గోడలున్నాయి. జూన్ వస్తోంది. ఏం చెయ్యమంటావు?

నీ అక్క


మద్రాసు
11 ఏప్రిల్ 1955

అక్కయ్యకు నమస్కారాలు.

నాలుగు ప్లానులు గీశాను, నాలుగూ చించాను. ఈ కవరు తేలిగ్గా ఉందని బావగారు ఆశ్చర్యపోతారు. ఇందులో ప్లాను లేదు.

ఇశ్రాయేలు మేస్త్రీ గారిని పంచాయతీ అరుగు మీద కూచోబెట్టి అడుగు. కూచోబెట్టి అన్న మాట కింద గీత గీశాను చూడు. ఆయన ఎలా చెప్తే అలా చెయ్యండి. పట్నంలో చదివినవాడి సంతకం కావాలని కమిటీ అంటే, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి జతచేశాను. దాని మీద ఏ రంగూ వెయ్యలేదు.

ఇంజనీర్ల సభకి ఒక ఉత్తరం రాశాను. ఆ రోజు టైము చాలక చెప్పలేకపోయిన రెండు పేర్లూ అందులో ఉన్నాయి.

నీ తమ్ముడు


లాకులపేట
28 జూన్ 1955

చిరంజీవి నారాయణకి అక్క నిండు దీవెనలు.

బడి నిలిచింది! ముందు ఆ మాట రాసేసి మిగతావి తర్వాత రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే ఇశ్రాయేలు మేస్త్రీ గారిని అరుగెక్కించేను. ఆయన కూచోవడానికి పావుగంట పట్టింది. భీమరాజు గారు కొంచెం పక్కకి జరగడానికి ఇంకో పావుగంట పట్టింది. "తూర్పు గోడ మళ్ళీ ఎత్తొద్దండీ. మోకాలెత్తు పిట్టగోడ చాలండీ. చూరు రెండు మూరలు ముందుకి లాగుదావండీ, జల్లు కొట్టదు. కొట్టిన గోడ ఇటికలే సరిపోతాయండీ, కొత్తయి అక్కర్లేదు" అన్నారు. అంతే. నెలన్నరలో అయిపోయింది. నీ సంతకం కాగితం బీరువాలోనే ఉంది.

ఇన్‌స్పెక్ట్రెస్ గారు శుక్రవారం వచ్చేరు. సరిగ్గా అప్పుడే కుంభవృష్టి. ఆవిడ చేతిలో గొడుగు అలాగే పట్టుకుని లోపలికి వచ్చి, నేల చూసేరు, కప్పు చూసేరు, పొడిగా కూచున్న పిల్లల్ని చూసేరు. గొడుగు మూసేరు. "తూర్పు వైపు ఇలా తెరిచి ఉంచడం చాలా ఆధునికంగా ఉందే, ఎవరి ఆలోచన?" అని అడిగేరు. భీమరాజు గారు తడుముకోకుండా, "మా కమిటీ మొదట్నుంచీ అనుకున్నదేనండీ. ఆ గోడ మేం కావాలనే తీయించేమండీ" అన్నారు. నేను నోరు మూసుకోలేకపోయేను. ఇశ్రాయేలు మేస్త్రీ గారు కట్టేరండీ, అంతకుముందు వాళ్ళ తాతగారు కట్టేరండీ అని గట్టిగా చెప్పేను. ఆవిడ ఆ పేరు అడిగి మరీ రిపోర్టులో రాసుకున్నారు. ఆయన బయట పిట్టగోడ దగ్గర వానలో నిలబడి ఉన్నారు. ఆయన మనవరాలు రత్నం నాలుగో తరగతి. తాతకి తాత కట్టిన గోడకి వీపు ఆనించుకుని, తాత కేసి చూసి నవ్వింది. నాకు ఏడుపొచ్చింది, పిల్లలు చూశారని పాఠం మొదలుపెట్టేను. ఇప్పుడు యాభై ముగ్గురు ఉన్నారు. గేదెలు లేవు.

రిపోర్టులో ఒకే ఒక్క లోపం రాసేరు. ముందున్న పోర్టికో గాలికి అడ్డంగా ఉంది, వచ్చే తనిఖీలోగా తొలగించవలెను అని. భీమరాజు గారు రెండు రోజులు అన్నం ముట్టలేదుట. ఈ ఉదయం మా ఇంటికి వచ్చి, ఎవరూ వినకుండా అడిగేరు. "గవర్నమెంటు మాట కాదనలేం కదండీ. అలాగని పసుపు పూసినదాన్ని నా చేత్తో కూల్చలేనండీ. తమ్ముడుగారు దయచేసి పోర్టికోకి నలుపు పూసి ఇంకో ప్లాను పంపిస్తే, చదివి చించేసినట్టు కూల్పించేస్తానండీ."

కాబట్టి వెంటనే నలుపు పూసి పంపు. నాన్నగారి పేరున్న రాయి మాత్రం జాగ్రత్తగా తీయించి, కుండల గట్టు కింద వేయిస్తానని మాటిచ్చేను. పిల్లలు రోజూ దాని పక్కనే మంచినీళ్ళు తాగుతారు. పాపం, ఆయన పేరూ ఒక పనికొచ్చినట్టుంటుంది.

ఈ ఉత్తరానికి నాలుగు మూలలా పసుపు రాశాను. మీ వృత్తి లెక్కన కూల్చకు. దాచుకో.

నీ అక్క
వీరవేణి